డంపర్ రాజమల్లు ఎక్స్ క్రోమోజోమ్

అది 2003 వానాకాలం. నేను హైదరాబాద్‌లో ఆప్టోమెట్రీ చదువు పూర్తిచేసి, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దగ్గరున్న ఒక కంటి ఆసుపత్రిలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆప్టోమెట్రిస్ట్ అంటే కళ్లద్దాలు అమ్మే మనిషి కాదు, కంటి డాక్టరూ కాదు. చూపు ఎంతుందో, ఏ నంబరు అద్దం కావాలో, రంగులు సరిగా కనిపిస్తున్నాయో లేదో పరీక్షించి, ఆ ఫలితాన్ని డాక్టరు ముందు పెట్టే మనిషి. ఈ ముక్క రోజూ ఎవరికో ఒకరికి చెప్పాల్సి వచ్చేది. పొద్దున వచ్చినవాళ్లకు నవ్వుతూ చెప్పేదాన్ని. సాయంత్రం వచ్చినవాళ్లు మాత్రం తిట్లు తిన్నట్టే మొహం పెట్టుకుని వెళ్లేవాళ్లు. నాకు కోపం తొందరగా వస్తుంది, అది మా ఇంట్లోనూ అందరికీ తెలుసు.

ఆ ఏడాదే సెల్‌ఫోన్‌లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. అందుకే ఫోన్ నా చేతిలోంచి దిగేది కాదు. మా డాక్టర్ మేడం నాగపూర్ మనిషి, సాయంత్రం పూట మాత్రమే వచ్చేది. పగలంతా నేనూ, చీటీలు రాసే విఠల్ అనే మరాఠీ ఆయనా ఉండేవాళ్లం. ఊళ్లో గనుల్లో, పవర్ స్టేషన్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది. విఠల్ వాళ్లందర్నీ నేరుగా నా గదిలోకి తోసేవాడు. గది అంటే గది కాదు, హాలుకు అడ్డంగా పెట్టిన ప్లైవుడ్ చెక్క. ఇటు దగ్గితే అటు బెంచీ మీద కూర్చున్నవాళ్లు తల తిప్పి చూసేవాళ్లు.

ఒకరోజు ఒక కుటుంబం కుటుంబమే వచ్చింది. స్వప్న అనే అమ్మాయి అప్పుడే పన్నెండో తరగతి పాసయింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా సీటొచ్చింది. కాలేజీవాళ్లు కంటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగారు. వెంట తండ్రి రాజమల్లు, ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ అనే ఇల్లంత లారీ నడుపుతాడు. ఏ గని అన్నది ఇక్కడ అక్కర్లేదు. తల్లి పద్మది దగ్గర్లోని రాజురా ఊరు. ఇక రాజమల్లు తల్లి మల్లవ్వ. ముసలామెకు ఏ కంటి జబ్బూ లేదు, ఆటోలో చోటుంది కాబట్టి వచ్చింది.

స్వప్న చూపు చక్కగా ఉంది. కింది వరుస దాకా గడగడా చదివేసింది. చివర్లో కలర్ విజన్ పరీక్ష. దానికి మా దగ్గర ఒక పుస్తకం ఉంటుంది, మేం చుక్కల పుస్తకం అంటాం. ప్రతి పేజీలో రంగురంగుల చుక్కలు, ఆ చుక్కల్లోనే వేరే రంగు చుక్కలతో ఒక అంకె. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలిసేవాళ్లకు ఒక అంకె కనిపిస్తుంది, తెలియనివాళ్లకు ఇంకో అంకె కనిపిస్తుంది, లేదా ఏమీ కనిపించదు. మొదటి పేజీలో పన్నెండు. అది అందరికీ కనిపిస్తుంది.

"పన్నెండు" అంది స్వప్న.

రెండో పేజీలో ఉన్నది ఎనిమిది. "మూడు" అంది.

"సరిగ్గ చూడు."

"సరిగ్గనే చూస్తున్న మేడం. మూడు."

ఇరవై తొమ్మిది చూపిస్తే డెబ్బై అంది. యాభై ఏడు చూపిస్తే ముప్పై ఐదు అంది. ఎరుపు, పచ్చ కలిసిపోయే కళ్లకు సరిగ్గా ఆ అంకెలే కనిపించాలని పుస్తకం తయారుచేసినవాళ్లు పెట్టారు. అంటే అమ్మాయి తప్పు చదవడం లేదు, తనకున్న కళ్లతో నూటికి నూరుపాళ్లు కరెక్టుగా చదువుతోంది. మగపిల్లల్లో ఈ లోపం చాలాసార్లు చూశాను. ఆడపిల్లలో చూడటం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే నాకు కాస్త ఉత్సాహం వచ్చింది. చదువుకున్నది కళ్లముందు కనిపిస్తే వచ్చే ఉత్సాహం.

అమ్మాయికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదని వాళ్లకు చెప్పాను. ముసలామె నమ్మలేదు. "మంచిగ టమాట కూర వండుతది బిడ్డా, కండ్లు లేనిదెట్ల వండుతది?" అంది.

"కండ్లు లేవనలేదవ్వా. ఇది పుట్టుకతోటి వచ్చేది. తల్లిదండ్రుల నుంచి వస్తది" అని క్రోమోజోముల పాఠం మొదలుపెట్టాను. మన ఒంట్లో ప్రతి కణంలో సన్నని దారాల్లాంటివి జతలు జతలుగా ఉంటాయి, అవే క్రోమోజోములు. ప్రతి జతలో ఒకటి తల్లి ఇస్తుంది, ఒకటి తండ్రి ఇస్తాడు. ఒక జత మాత్రం ఆడా మగా అన్నది తేలుస్తుంది. ఆడవాళ్లకు అందులో రెండూ ఎక్స్‌లే, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. ఎరుపు, పచ్చ గుర్తుపట్టే సరంజామా ఆ ఎక్స్ మీదే ఉంటుంది. ఇక్కడిదాకా చెప్పి నలుగురి మొహాలు చూశాను. స్వప్న ఒక్కతే తలూపుతోంది. మిగతావాళ్లు బస్సు కోసం చూస్తున్నట్టు చూస్తున్నారు.

"నీ డంపర్‌కు స్టెప్నీ ఉంటదా అన్నా?" అని రాజమల్లును అడిగాను.

"డంపర్‌కు స్టెప్నీ ఏంది మేడం! ఆ టైరు మనిషంత ఎత్తుంటది. పెట్టుకొని యాడ తిరుగుతం?"

నాకు చిర్రెత్తింది. "సరే, స్కూటర్."

"ఆఁ, స్కూటర్‌కు ఉంటది."

"ఆడమనిషి స్టెప్నీ ఉన్న స్కూటర్ అనుకో. ఒక ఎక్స్ పంక్చరయినా రెండోది నడిపిస్తది, రంగులు మంచిగనే కనిపిస్తయి. మగమనిషికి స్టెప్నీ లేదు. ఉన్న ఒక్క ఎక్స్ పంక్చరయితే బండి ఆగినట్టే. అందుకే మగోళ్లల్ల ఇది ఎక్కువ. ఇప్పుడు మీ అమ్మాయికి వచ్చిందంటే రెండు పంక్చరయినట్టు. ఒకటి తల్లి దగ్గరి నుంచి, ఒకటి తండ్రి దగ్గరి నుంచి. వాళ్లమ్మకు ఇంకో ఎక్స్ మంచిగుండొచ్చు, కాబట్టి ఆమెకేం తెలియదు. కానీ నీకున్నదే ఒక్కటి, అదే బిడ్డకిచ్చినవ్. అంటే నీకు గూడ రంగులు తెలియవన్నట్టు."

రాజమల్లు నవ్వాడు. కోపం లేదు, బెదురు లేదు. "నాకేం లేదు మేడం. గని డాక్టర్ ప్రతిసారి ఇదే పుస్తకం చూపిస్తడు. ఒక్కసారి గూడ ఫెయిల్ కాలే. కావాల్నంటే పట్టు."

పుస్తకం తిప్పాను. "బారా. ఆఠ్. ఛే. ఉంతీస్. సత్తావన్. పాంచ్. తీన్. పంద్రా. చౌహత్తర్." హిందీలో పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది, యాభై ఏడు, ఐదు, మూడు... ఆపకుండా, తడబడకుండా, అన్నీ కరెక్ట్. పద్మ మొగుణ్ని చూసి మురిసిపోయింది. ఆ క్షణాన ఆయన అంకెలన్నీ హిందీలో ఎందుకు చెప్పాడన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

అప్పుడు స్వప్న నోరు విప్పింది. బయాలజీలో మంచి మార్కులొచ్చిన పిల్ల.

"మేడం, బాపు ఎక్స్ మంచిగుంటే, నా రెండో ఎక్స్ ఎవరిది?"

అడిగింది లెక్కలో డౌటు అడిగినట్టే. కానీ ప్లైవుడ్ అవతల బెంచీ మీద దగ్గులు కూడా ఆగిపోయాయి.

పద్మ చెప్పు తీసింది. "ముండా, నీకు చదువు చెప్పించింది గిందుకా!" స్వప్న నా కుర్చీ వెనక్కి దూకింది. మల్లవ్వ లేచి నడుం మీద చేతులు పెట్టుకుని పద్మ ముందు నిలబడింది. "ఏందే ఇది? ఏం ముచ్చట ఇది? నీ తల్లి నిన్నెట్ల పెంచిందే?"

పద్మ చెప్పు అలాగే పట్టుకుని తిరిగింది. "నా తల్లిని పెంచింది నువ్వే గదా అమ్మమ్మా! నువ్వెట్ల పెంచినవో నువ్వే చెప్పు."

అప్పుడు తెలిసింది నాకు. రాజమల్లు చేసుకున్నది సొంత అక్క బిడ్డను. మల్లవ్వ పద్మకు అత్త మాత్రమే కాదు, తల్లికి తల్లి. కోడల్ని పుట్టింటి పేరెత్తి తిడితే ఆ తిట్టు తిరిగి తన కొంపకే వస్తోంది. అది అర్థమై ముసలామె రెండో తిట్టు మింగేసింది.

చెక్క అంచు మీంచి విఠల్ తల కనిపించింది. "మేడం, కాయ్ ఝాలం?" ఏమైందని. మామా మేనకోడలి పెళ్లి సంగతి నేను మెల్లగా చెబితే అతని కళ్లు పెద్దవయ్యాయి. "సఖ్ఖ్యా బహిణీచీ ముల్గీ?" సొంత అక్క కూతురా అని. వాళ్లలో ఆ వరుస కుదరదు.

"హో! మగ్?" అంది పద్మ అతని వైపు చెప్పు చూపిస్తూ. అయితే ఏంటి అని. విఠల్ తల మాయమైంది.

పద్మ పరీక్ష కుర్చీలో కూర్చుంది. గడ్డం పెట్టుకునే స్టాండును రెండు చేతులా పట్టుకుంది. "మేడం, మీరే మొదలువెట్టిన్రు, మీరే తేల్చాలె. నా పేరు మంచిగయ్యేదాక నేనీడికెల్లి లేవ. వీళ్లు ఇంటికి పోతే పోని. ఎవరి ఎక్సో ఏందో, బయట బెంచీ మీదున్న పది మంది విన్నరు. రేపు కాలనీ మొత్తం వింటది." గొంతు గట్టిగానే ఉంది, కళ్లలో మాత్రం నీళ్లున్నాయి. రాజమల్లు ఆమెను అనుమానించలేదు, ఆ మాటకొస్తే ఏమీ అనలేదు. గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ఆ మౌనం ఆమెను ఎక్కువ కోస్తోందని నాకే అర్థమైంది, ఆయనకు కాలేదు.

నేను మూలకు వెళ్లి హైదరాబాద్‌లో మా సీనియర్‌కు ఫోన్ కొట్టాను. ఎస్టీడీ అయినా సరే అనుకున్నాను. విషయం విని ఆయన ఒక్కటే అన్నాడు. "ఎక్స్ లెక్క అంత తేలిగ్గ తప్పదు. రెండు పరీక్షల్లో ఏదో ఒకటి తప్పయి ఉంటుంది. మళ్లీ చెయ్యి. ఇంకో విషయం గుర్తొస్తే నేనే ఫోన్ చేస్తా."

అమ్మాయిని మళ్లీ పరీక్షించాను. మళ్లీ మూడు, డెబ్బై, ముప్పై ఐదు. సరే, తండ్రిని రమ్మన్నాను. "ఎన్నిసార్లయినా చెయ్యి మేడం" అంటూ స్టూలు లాక్కున్నాడు. బారా, ఆఠ్, ఛే దాకా వచ్చాం. అంతలో సీనియర్ దగ్గర్నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఎడమ చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని కుడిచేత్తో పేజీ తిప్పాను. వానలకు చెమ్మపట్టిన పుస్తకం, రెండు పేజీలు ఒకేసారి తిరిగాయి. రాజమల్లు ముందున్నది యాభై ఏడు.

"ఉంతీస్" అన్నాడు ధీమాగా.

ఇరవై తొమ్మిది దాటిపోయింది. ఫోన్‌లో సీనియర్ "హలో, హలో" అంటున్నాడు. నేను మాట్లాడకుండా ఇంకో పేజీ తిప్పాను. అక్కడ ఐదు.

"సత్తావన్."

ఇంకో పేజీ. అక్కడ మూడు.

"పాంచ్."

ఫోన్ కట్ చేశాను. పుస్తకం మూసి, మధ్యలో ఎక్కడో తెరిచి ఆయన ముందు పెట్టాను. రాజమల్లు చుక్కలు చూడలేదు. పైకప్పు చూశాడు, పెదవులు కదిలించాడు, వేళ్లు మడిచాడు. తర్వాత నా వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు.

"ఇది ఎన్నో పేజీ మేడం?"

"పేజీతోటి నీకేం పని? కనిపించేది చెప్పు!"

"ముందట ఏ నంబర్ పోయిందో జర చెప్పుండ్రి, దీనిది చెప్త."

నా గొంతు గేటు దాకా వినిపించి ఉంటుంది. "అన్నా, నువ్వు చూసి చెప్తున్నవా, బట్టీ పట్టి చెప్తున్నవా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బట్టీనే గదా మేడం. మరి ఎట్ల చెప్తరు?"

గనిలో మెడికల్ చెకప్ రోజున అందరూ వరుసలో నిలబడతారట. ముందు పరీక్ష అయినవాళ్లు వెనకవాళ్లకు ఆ అంకెలు హిందీలో ఎక్కంలా చెబుతారట. చేరిన కొత్తలో ఒక పెద్దమనిషి ఆయనకు నేర్పాడు, తర్వాత ఆయనే పిల్లలకు నేర్పుతున్నాడు. కళ్లు బాగున్నవాళ్లు కూడా వల్లిస్తారు, ఎందుకైనా మంచిదని. పుస్తకం ఒకటే, వరుస ఒకటే.

"మరి పేజీల నీకు ఏం కనిపిస్తది?" అని అడిగాను.

"చుక్కలు. కొన్నిట్ల నంబర్లు గూడ కనిపిస్తయి. ఉంతీస్ చెప్పే కాడ డెబ్బై లెక్క కొడ్తది. నేను గదే అడిగితే, అది మోసం చేసేదానికి పెట్టిన్రు, జవాబు ఉంతీసే అన్నరు. నేను ఇది యాది పరీక్ష అనుకున్న మేడం. గంత పెద్ద బండి ఇచ్చేటోళ్లు, మనిషికి యాది ఉందా లేదా చూస్తరు గదా." ఆగి, పుస్తకాన్ని అనుమానంగా చూశాడు. "ఏంది, అండ్ల నిజంగనే గా నంబర్లు ఉంటయా?"

"ఉంటయి."

"అందరికి కనిపిస్తయా?"

"బాపూ, నాకు గూడ డెబ్బయే కనిపిస్తది!" అని స్వప్న కుర్చీ వెనక నుంచి అరిచింది. తండ్రీ కూతుళ్లు ఒకే ఊరివాళ్లు పరాయి ఊళ్లో కలిసినట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

పద్మ కుర్చీలోంచి లేచింది. "అంటే నిన్నటిదాక నీకు టేస్ట్ లేదనుకున్న గదయ్యా! పండ్లు తెమ్మంటే కాయలు తెస్తవు, పచ్చ పెయింట్ అని చెప్పి తలుపుకు మట్టి రంగు పూసి పెడ్తవు. కండ్లే గట్లున్నయా?" అంతలోనే ఏదో తట్టి నా వైపు తిరిగింది. "మేడం, రాజురాల మా తమ్ముడు గూడ గిట్లనే కాయలు తెస్తడు."

ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక వంశవృక్షం గీశాను. తమ్ముడికి ఎక్స్ వచ్చింది తల్లి నుంచే. అంటే పద్మ తల్లి దగ్గర ఆ పంక్చర్ ఎక్స్ ఉంది, దాన్నే పద్మకూ ఇచ్చింది. పద్మ తల్లి ఎవరు? రాజమల్లు అక్క. రాజమల్లుకు ఎక్స్ ఎవరిచ్చారు? ఆయన తల్లి. గీతలన్నీ పైకి పోయి ఒక్కచోటే కలుస్తున్నాయి. ఇలా తన కళ్లు బాగుండి, లోపాన్ని పిల్లలకు చేరవేసే ఆడమనిషిని మేం క్యారియర్ అంటాం. స్వప్నకు వచ్చిన రెండు ఎక్స్‌లూ, తండ్రి వైపుదీ తల్లి వైపుదీ, దాదాపు ఖాయంగా నా ఎదురుగా ఉన్న ఈ ముసలామెవే. ఆ మాట ఎలా చెప్పాలా అని ఒక్క క్షణం తడుముకుని, చెప్పేశాను.

మల్లవ్వ కాగితం తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూసింది. "రెండు నావేనా?"

"నీవే అవ్వా."

"కొడుకు దిక్కుది నాదే, మనుమరాలి దిక్కుది నాదే?"

"ఆఁ."

కన్నీళ్లో తిట్లో వస్తాయనుకున్నాను. ముసలామె మొహం వెలిగిపోయింది. "చూసినవా! నెత్తురు బయటికి పోవద్దనే గదా అక్క బిడ్డను చేసిన. గప్పుడు అందరు నన్ను అన్నోళ్లే. ఇప్పుడు మిషిన్ల పడ్డది. ఒక్క చుక్క బయటిది కలవలే!" పద్మ తల మీద చెయ్యి పెట్టింది. "నా బంగారమే, నేనేమన్నా అంటినానే? పోరి అన్నది, గంతే."

"నువ్వే అన్నవ్ అమ్మమ్మా."

"అంటె అన్న. నిన్ను గాక ఇంకెవర్నంట?"

మా పని అయిపోయిందనుకున్నాను. పద్మది అవలేదు. చెప్పు కాలికి వేసుకుని మొగుణ్ని చూసింది. "బయటికి పోయి చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నీకు రంగులు తెల్వయని. ప్రశ్న ఎంతమంది విన్నరో జవాబు గూడ గంతమంది వినాలె."

రాజమల్లు మొహం పాలిపోయింది. ఇందాకటిదాకా నవ్విన మనిషికి అప్పుడు తట్టింది, ఈ మాట గనికి చేరితే డంపర్ సీటు పోతుందని. "మేడం, ఈ ముచ్చట గనికి పోతదా?" అని నన్నడిగాడు. మా గదిలో తేలింది మేం ఎవరికీ రాసి పంపం, అది మీ ఇష్టం అన్నాను. ఊరుకోలేక, ఇల్లంత బండి నడిపే మనిషికి ఎర్ర లైటు తెలియకపోతే ఎలా అని కూడా అరిచాను.

"ఎర్ర లైట్ పైన ఉంటది మేడం, పచ్చది కింద. అది గూడ యాదిలనే ఉంది" అన్నాడు దీనంగా. తర్వాత పెళ్లాం వైపు చూశాడు. "పద్మా, ఇంటికాడ అందరికి చెప్త. ఈడ వద్దు. గనోళ్లున్నరు."

"నా మీద మాట పడ్డది ఈడ. నీ డంపర్ పెద్దదా, నా ఇజ్జత్ పెద్దదా, గది చెప్పు."

ఆయన చాలాసేపు ఆలోచించాడని రాస్తే బాగుంటుంది కానీ, ఆలోచించలేదు. లేచాడు, చెక్క తలుపు తోశాడు, హాలు మధ్యలో నిలబడి గట్టిగా అన్నాడు. "ఇనుండ్రి. నాకు ఎరుపు, పచ్చ తెల్వయి. పుట్టుకతోటే తెల్వయి. నా బిడ్డకు గూడ నాదే వచ్చింది. నాదే!" బెంచీ మీద మరాఠీవాళ్లు కూడా ఉన్నారని గుర్తొచ్చి, "మలా రంగ్ కళత్ నాహీత్! మాఝ్యా ముల్గీలా మాఝంచ్ ఆలం!" అని అదే మాట మరాఠీలో కూడా చెప్పాడు.

కంటికి కట్టు కట్టుకున్న ఒకాయన లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు. "అన్నా, ఈ ముచ్చట గనికి పోకముందు, గా ఎక్కం నాకోసారి చెప్పు. వచ్చే నెల నాకు మెడికల్ ఉంది."

పద్మ పకపకా నవ్వింది. ఆ కుటుంబం వచ్చిన దగ్గర్నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

స్వప్నకు సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టే రాశాం. ఎలక్ట్రానిక్స్‌లో చిన్న చిన్న భాగాల మీద రంగు గీతలు చదవాల్సి ఉంటుంది కాబట్టి కాలేజీవాళ్లు కంప్యూటర్ బ్రాంచికి మార్చారు. రాజమల్లు తనంతట తనే పైవాళ్లతో మాట్లాడి పంప్ హౌస్ డ్యూటీకి మారాడు. సీటు దిగినందుకు బాధ లేదట, బండి శబ్దం లేక నిద్ర పట్టడం లేదట. అద్దాల కోసం వచ్చినప్పుడు పద్మే చెప్పింది.

ఈ కేసు తర్వాత నేను చుక్కల పుస్తకాన్ని వరుసలో తిప్పడం మానేశాను. మధ్యలో తెరుస్తాను, వెనక్కి తిప్పుతాను, ఎవరైనా పైకప్పు చూస్తే పుస్తకం మూసేస్తాను. అది పనికి సంబంధించిన పాఠం, ఎవరైనా నేర్పగలరు. ఇంకొకటి మాత్రం ఆ రోజు ఆ గదిలోనే నేర్చుకున్నాను. క్రోమోజోముల లెక్క చెప్పేటప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరి పేర్లూ సమానంగానే వస్తాయి. కానీ ఆ లెక్క ఎక్కడైనా కుదరకపోతే, జవాబు చెప్పమని అందరూ చూసేది ఒక్కరి వైపే. ఆ చూపు చూసినవాళ్లలో సొంత అమ్మమ్మ కూడా ఉంది. ఇప్పుడు "ఇది తండ్రి నుంచి వచ్చింది" అన్న మాట నోటికొచ్చేముందు, ఎంత తొందరలో ఉన్నా, ఎంత కోపంలో ఉన్నా, ఫోన్ కింద పెట్టి, తలుపు వేసి, ముందు తల్లిని కూర్చోమంటాను.